పలక మీద మా బర్రె

నా చిన్నప్పుడు పుప్పాలగూడలో మా ఇంటి ముందు నిలబడితే రాళ్ళగుట్టలు, జొన్నచేలు తప్ప ఏమీ కనిపించేవి కావు. మా నాయనకు రెండు బర్రెలు, కొద్దిపాటి చేను. ఇంట్లో ఎవరికీ చదువు లేదు. మూడో తరగతికి వచ్చినా, అక్షరాలు గుర్తుపట్టడం తప్ప నాకూ చదవడం రాలేదు. పక్క పిల్లలు చదువుతుంటే విని, పాఠమంతా కంఠస్థం చేసి, పుస్తకం మీద వేలు జరుపుతూ అప్పజెప్పేదాన్ని. ఒకరోజు సారు పేజీ మధ్యలో ఒక వాక్యం చూపించి చదవమన్నారు. నేను మళ్ళీ పాఠం మొదటి నుంచి అప్పజెప్పడం మొదలుపెట్టాను. అంతా కంఠస్థమేనని, ఈ పిల్లకు చదువు అబ్బదని ఆయన మా నాయనకు చెప్పేశారు. కోతలు మొదలవగానే నన్ను బడి మాన్పించి అమ్మతో చేనుకు పంపాలని ఇంట్లో అనుకున్నారు.

పక్కింట్లో కిరాయికుండే అక్క గుంటూరు వైపు నుంచి వచ్చింది. ఆమె భర్తది సర్కారు నౌకరీ. పొద్దున పాలకు వచ్చినప్పుడు నా ఏడుపు చూసి సంగతి కనుక్కుంది. మా అమ్మను ఒప్పించి, ఆ సాయంత్రం నుంచి నన్ను తన అరుగు మీద కూర్చోబెట్టుకుంది.

మొదట్లో ఆమె కూడా వాచకమే తెరిచింది. అది చూడగానే నేను మళ్ళీ కంఠస్థం చేసిందే అప్పజెప్పేదాన్ని. కొన్నాళ్ళకు దాన్ని పక్కన పెట్టి, ఇవాళ ఇంట్లో ఏం జరిగిందో చెప్పమంది. మా బర్రె తాడు తెంపుకొని ఎవరి చేలోనో పడటం, వాళ్ళు దాన్ని పరాయి చేలో పడ్డ పశువులను కట్టేసే బందెలదొడ్డికి తోలడం, మా నాయన పరేషాన్ కావడం అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆమె పలక మీద ఏదో రాసి నా ముందు పెట్టింది. కూడబలుక్కుంటూ చదివాను. ‘మా బర్రె తాడు తెంపుకున్నది.’

నాకు భయమేసింది. “అక్కా, బళ్లె గిట్ల రాయరు. గేదె అని రాస్తరు,” అన్నాను.

“నువ్వన్నదే రాశానమ్మా. ముందు నీ మాట చదువు. పుస్తకంలో మాట తర్వాత నేర్చుకుందువుగాని.”

అప్పటి నుంచి రోజూ నా ముచ్చట్లే నాకు పాఠాలు.

కోతల ముందు ఒక సాయంత్రం మా నాయన నన్ను పిలవడానికి వచ్చాడు. నేను చదవడం విని, ఇది కూడా కంఠస్థమేనన్నాడు. అక్క వాదించలేదు. నన్ను వీధి మలుపు దాకా పంపి, ఆయన్ను ఏదో ఒక మాట చెప్పమని అడిగి రాసింది. తిరిగొచ్చి పలక అందుకున్నాను. మధ్యలో ఒకచోట తడబడ్డాను, మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాను. ‘వాన వచ్చేటట్టున్నది. గడ్డి లోపట పెట్టాలె.’

మా నాయన అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు. “వాన అన్నది ఏడున్నది బిడ్డా?” అని అడిగాడు. చూపించాను. ఆ మాట కింద వేలు పెట్టి చాలాసేపు అలాగే చూశాడు. “నేనన్నదే ఉన్నది,” అన్నాడు మెల్లగా.

ఆ ఏడు కోతలకు అమ్మ ఒక్కతే వెళ్ళింది. వేసవిలో అక్కావాళ్ళకు బదిలీ అయింది. ఆమె వెళ్ళేలోపు వాచకం మొత్తం చదివి వినిపించాను.

పెద్దయ్యాక నేను టీచరునయ్యాను. ఇప్పుడు రిటైరైనా, మా ఇంటి చుట్టూ లేచిన అపార్టుమెంట్లలో పనిచేసేవాళ్ళ పిల్లలు సాయంత్రాలు నా దగ్గరికి వస్తారు. చదవలేని బిడ్డ ఎదురుగా కూర్చుంటే ముందు ముచ్చట పెట్టిస్తాను. చెప్పింది చెప్పినట్టు, ఒక్క మాట కూడా మార్చకుండా రాసి చేతికిస్తాను. తన మాటే అక్కడుందని తెలిసిన క్షణాన ఆ బిడ్డ తలెత్తి నా వంక చూస్తుంది. ఇంక ఆ బిడ్డకు చదువు వస్తుందని నాకు అప్పుడే తెలిసిపోతుంది.