కొట్టేసిన అంకె

ఆ నీటి పరీక్షల ల్యాబులో అందరూ ఆమెను సీసాలక్క అంటారు. ఇరవై తొమ్మిదేళ్ళుగా బోరునీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చి, పరీక్ష చేసి, వచ్చిన అంకెను నోటుబుక్కులో రాసి, పేజీ అడుగున సంతకం పెట్టడం ఆమె పని. తప్పు రాస్తే చెరపకూడదు. అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, ఎందుకు కొట్టేశారో కూడా రాయాలి. చెరిపే రబ్బరును ఆమె తన బల్ల దరిదాపులకు రానివ్వదు.

ఆ రోజు పొద్దున్నే, కొత్తగా చేరిన సైంటిస్టు ఒక రిపోర్టు ఇచ్చి పెద్దాఫీసరు బల్ల మీద పెట్టమన్నాడు. బడి వెనకాల ఉన్న పాత బోరును బడి ట్యాంకుకు కలపవచ్చా అన్నది విషయం. నిక్షేపంగా కలపవచ్చునట. ఫ్లోరైడు లీటరుకు 1.1 మిల్లీగ్రాములు మాత్రమేనట. ఆమె మనవరాలు చదివేది ఆ బడిలోనే.

అంకె చూడగానే ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. ఒకటిన్నర దాటితే ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు. ఏళ్ళ తరబడి తాగితే పిల్లల పళ్ళు గారపడతాయి, ఎముకలు వంకర్లు పోతాయి. ఆ బోరు సంగతి ఆమెకు బాగా గుర్తుంది.

"సార్, ఈ నీళ్ళు ఎప్పుడు పరీక్ష చేశారు?"

"మళ్ళీ ఎందుకక్కా? ఒక పరిశోధన పత్రం, ఒక లావుపాటి పుస్తకం, ఒక హ్యాండ్‌బుక్కు... మూడూ ఒకే మాట చెప్తున్నాయి."

ఒకే మాట! అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు. గబగబా మెట్లు దిగి, బీరువా తెరిచి, పదకొండేళ్ళ కిందటి నోటుబుక్కు తెచ్చి అతని ముందు పడేసింది. ఆ పేజీలో 1.1 ఉంది, దాని మీద ఎర్రగీత ఉంది. పక్కన 2.1. కింద ఆమె రాత: 'పరీక్షలో వాడిన మందు పాతబడింది. కొత్తది కలిపి మర్నాడు మళ్ళీ చూశాను.'

జరిగిందేమిటంటే, మొదటి రోజు సాయంత్రం ఒక పరిశోధకుడు వచ్చి, ఎర్రగీత పడకముందే 1.1 రాసుకుపోయాడు. మర్నాడు వచ్చి చూశాడా? చూడలేదు. పత్రంలో అచ్చేయించుకున్నాడు. పుస్తకం రాసినాయన ఆ పత్రంలోంచి ఎత్తుకున్నాడు. హ్యాండ్‌బుక్కు వాళ్ళు ఆ పుస్తకంలోంచి ఎత్తుకున్నారు. ఇంతమంది చదువుకున్నవాళ్ళు, ఒక్కరికైనా బుద్ధి పుట్టిందా అసలు నోటుబుక్కు అడగాలని! ఈ కుర్రాడైతే మరీను. కింది అంతస్తులో బీరువా పెట్టుకుని, చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు లైబ్రరీలన్నీ తిరిగాడు.

"అచ్చయినవాటిని కాదని చేతిరాతను నమ్మమంటారా అక్కా?"

"ఆ అచ్చు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఒకడు చెప్పింది విని ముగ్గురు చెప్తే ముగ్గురు సాక్షులైపోతారా? ఏది ఎక్కడ దొరుకుతుందో తెలియడానికి హ్యాండ్‌బుక్కు చూసుకోండి, ఎవరొద్దన్నారు? పిల్లల గొంతులో పోసే నీళ్ళకి మాత్రం, మొదట కొలిచినవాళ్ళ దగ్గరికి రావాలి. ఆ మాటకొస్తే నా బుక్కునూ నమ్మకండి. పదకొండేళ్ళ నాటిది. సీసా తీసుకుని పదండి!"

బోరు దగ్గర ఆమె దగ్గరుండి అతని చేతే నీళ్ళు పట్టించింది, కొత్త మందు అతని చేతే కలిపించింది. మధ్యాహ్నానికి తేలింది: 2.3.

సాయంత్రానికి రిపోర్టు మారింది. బోరు కలపకూడదు. హమ్మయ్య అనుకుని ఆమె చివరి పేజీ తిప్పింది. ఆధారాల జాబితాలో అతని పరీక్ష ఉంది. దాని కింద మళ్ళీ ఆ పత్రం, ఆ పుస్తకం, ఆ హ్యాండ్‌బుక్కు.

"నోటుబుక్కేది?"

"అది మన ఆఫీసుదే కదక్కా. అచ్చయింది కాదని..."

"అబ్బో! రేపు మీ రిపోర్టు చూసినవాడు మళ్ళీ ఆ 1.1 దగ్గరికే పోతాడు. అది తప్పని వాడికెవరు చెప్తారు? రాయండి!"

అతను గబుక్కున పెన్ను తీశాడు. నోటుబుక్కు నంబరు, తేదీ, పేజీ రాశాడు. తర్వాత పెన్ను ఆగిపోయింది. తలెత్తి నసిగాడు.

"పరీక్ష చేసినవారు... మీ పేరేం రాయాలక్కా?"

ఇరవై తొమ్మిదేళ్ళు. ఆమె నోటుబుక్కును అతని వైపు తోసింది.

"ప్రతి పేజీ అడుగునా ఉంది. చూసి రాసుకోండి."