నల్ల అంచు లేని చిల్లు

వెండెల్ క్రౌజ్ చర్చిలో ఎప్పుడూ నడవ వైపు బల్ల చివరే కూర్చునేవాడు. ఆయన కుడి నడుము బల్లకు తగలకూడదు. తగిలితే కోటు కింద ఉన్న రివాల్వర్ టక్కుమంటుంది, ప్రార్థనలో ఉన్నవాళ్లు కళ్లు తెరుస్తారు. ఆ చప్పుడంటే ఆయనకు సిగ్గు. భార్య అర్డిత్ చక్రాల కుర్చీని నడవలో తన పక్కనే నిలిపి, చక్రానికి బూటు అడ్డం పెట్టి పాట అందుకునేవాడు. గొంతు బాగుండేది కాదు. అయినా పాడేవాడు.

ఒహాయో నది ఒడ్డున ఉన్న మా చిన్న ఊళ్లో ఆయన సార్జంటుగా పనిచేసి రిటైరయ్యాడు. తాగి పడిపోయిన కుర్రాళ్లను స్టేషనుకు కాకుండా వాళ్ల అమ్మల దగ్గరకు చేర్చిన రోజులే ఎక్కువ. నా భర్త లెస్టర్ ఆయనతో పాటు ఒకే కారులో తిరిగిన పోలీసు. లెస్టర్ పోయాక మంచు పడిన ప్రతి ఉదయం మా మెట్లు శుభ్రంగా ఉండేవి. పార చప్పుడు వినబడేది కానీ తలుపు గంట మోగేది కాదు. నేను కాఫీ పెట్టేలోపు వెండెల్ వెళ్లిపోయేవాడు. దానికి బదులుగా నేను చేయగలిగింది ఒకటే, ఆయన కోటు అస్తరు కుట్టడం. రివాల్వర్ ఒరుసుకుని ఆ అస్తరు ఏటా చిరిగేది.

చర్చికి కూడా రివాల్వర్ ఎందుకంటే, రాయ్స్ టీగ్ కారణం. వాడు కట్టుకున్నదాన్ని కొట్టి చంపాడు. వెండెల్ వెళ్లి పట్టుకున్నాడు, కోర్టులో సాక్ష్యం చెప్పాడు. శిక్ష పడిన రోజు టీగ్ అరవలేదు, తిట్టలేదు. చుట్టం ఇంటికి వస్తానని చెప్పినట్టు మెల్లగా అన్నాడు.

"సార్జంట్, నేను బయటికొచ్చాక మీ ఆవిడని చూడ్డానికి వస్తాను."

అప్పటికి అర్డిత్ ఆదివారం బడిలో పిల్లలకు పాటలు నేర్పుతూ తిరిగే మనిషి. తర్వాత పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఆ తర్వాతి ఆకురాలు కాలంలో టీగ్ శిక్ష ముగిసి, వంతెన అవతల అక్క ఇంట్లో చేరాడు.

మా ఇల్లినాయిస్‌లో ఆ రోజుల్లో మామూలు మనిషి తుపాకీ దాచుకుని వీధిలోకి రాకూడదు. రిటైరైన పోలీసులకు మాత్రం వీలుండేది, అదీ కార్డు ఉంటేనే. ఆ కార్డు నిలవాలంటే ఏటా సొంత ఖర్చుతో పరీక్ష కాల్చాలి. సర్వీసులో ఉన్న కుర్రవాడికి ఏ కొలతో డెబ్బై ఏళ్ల వాడికీ అదే కొలత. కోటు కింద నుంచి తీసి, మూడు దూరాల నుంచి, ఈలకూ ఈలకూ మధ్య, మొత్తం ముప్ఫై గుళ్లు. ఇరవై ఒకటి తగలాలి.

ఆ ఏడు వెండెల్ చేయి వణకడం మొదలైంది. కార్డు పోతే అర్డిత్‌ను తీసుకుని ఇల్లు దాటిన ప్రతిసారీ వట్టి చేతులతో దాటాలి. ఊళ్లో అందరికీ తెలుసు.

పరీక్ష పాత రాతి గని గుంటలో జరిగేది. లెస్టర్ ఉన్నప్పటి అలవాటు కొద్దీ నేను బీన్స్ కుండ, హామ్, మొక్కజొన్న రొట్టె పట్టుకెళ్లేదాన్ని. ముసలివాళ్లంతా చెవులకు డిప్పలు తగిలించుకుని చలిలో నిలబడ్డారు. వెండెల్ కాఫీ కప్పు పట్టుకుంటే అది తొణికి వేళ్ల మీద పడింది.

"ఏమయ్యా, నీ చెయ్యి పియానో వాయిస్తోందేంటి?" అన్నాడు ఫ్రిట్జ్. ఇద్దరూ పోలీసుల్లో ఒకే ఏడాది చేరినవాళ్లు.

"నీ పెళ్లిలో మొదలెట్టానురా. నువ్వు డబ్బులివ్వలేదు, నేను ఆపలేదు."

అందరూ నవ్వారు. పరీక్ష పెట్టే డార్యల్ పికెట్ ఒక్కడే నవ్వలేదు. డార్యల్‌కు తుపాకీ పట్టుకోవడం నేర్పింది వెండెలే. అంతకు ముందు చాలా ఏళ్లు ఆ గుంటలో ఈల ఊదింది కూడా వెండెలే. రెండు శీతాకాలాల క్రితం భుజం నొప్పి అని చెప్పి మానేశాడు.

ఈల మోగింది. దగ్గర గీత నుంచి ఆయన బాగానే కాల్చాడు. రెండో గీత దగ్గర ఎడమ చేయి కూడా ఆసరా పెట్టాడు. దూరపు గీత దగ్గరకు వచ్చేసరికి గుళ్లు కాగితపు గురిబొమ్మను తప్పి వెనక మట్టిదిబ్బ మీద దుమ్ము లేవడం నాక్కూడా కనబడింది. నేను రొట్టె కోయడం ఆపి కళ్లు మూసుకున్నాను.

కాల్పులయ్యాక పరీక్ష పెట్టినవాడు ముందు ఒంటరిగా వెళ్తాడు. చెవి వెనక లావుపాటి పెన్సిల్ ఉంటుంది. లెక్కపెట్టిన చిల్లును మళ్లీ లెక్కపెట్టకుండా ఒక్కోదాని పక్కన గీత గీస్తాడు. డార్యల్ వెండెల్ బొమ్మ దగ్గర మాకు వీపు పెట్టి కాస్త ఎక్కువసేపే నిలబడ్డాడు.

"ఇరవై ఒకటి. బొటాబొటిగా గట్టెక్కారు సార్జంట్ గారూ," అన్నాడు.

ఫ్రిట్జ్ చప్పట్లు కొట్టాడు. వెండెల్ కళ్లజోడు పెట్టుకుని నెమ్మదిగా నడిచి వెళ్లాడు. ముక్కు తగిలేంత దగ్గరగా వంగి, చిల్లుల అంచులు వేలితో తడిమాడు. సీసపు గుండు కాగితంలోంచి పోతే చిల్లు చుట్టూ మసిలాంటి నల్ల అంచు ఉంటుంది. పెన్సిల్‌తో పొడిచి తిప్పితే చిల్లు అంతే ఉంటుంది, అంచు మాత్రం తెల్లగా ఉంటుంది.

"ఈ రెండూ నావి కావు," అన్నాడు.

డార్యల్ గొంతు తగ్గించాడు, అయినా ఆ గుంటలో మాకు వినబడింది. "ఊరుకోండి. ఎవరు చూస్తారు? టీగ్ వంతెన అవతలే ఉన్నాడు. ఆంటీకి మీరు తప్ప ఎవరున్నారు చెప్పండి."

"మంచి మనసుతోనే చేశావు, నాకు తెలుసు. నేనూ అలాగే చేశాను. ఓర్విల్ బెక్ కాగితం మీద మూడు పొడిచాను."

ఫ్రిట్జ్ చప్పట్లు మాని దగ్గరికి వచ్చాడు.

ఓర్విల్ కూడా రిటైరైన పోలీసే, అతని కథ మా అందరికీ తెలుసు. పెట్రోలు బంకులో కత్తి పట్టుకుని ఎవడో దోచుకోబోతే ఓర్విల్ కోటు కింద నుంచి తుపాకీ తీసి కాల్చాడు. దొంగ పారిపోయాడు. గుండు వెళ్లి గల్లా దగ్గరున్న జోలీన్‌కు తగిలి, ఆమె అక్కడే పోయింది. బడి ముగించి ఏడాది కూడా కాని పిల్ల. ఓర్విల్ కార్డు సరిగ్గా ఉందనీ, ఆ ఏడాది పరీక్ష నెగ్గాడనీ తేల్చి కేసు మూసేశారు. ఓర్విల్ ఆ తర్వాత ఇల్లు కదల్లేదు, ఎవరితోనూ మాట్లాడలేదు, ఆ వేసవికే పోయాడు.

"కాల్చింది ఓర్విల్," అన్నాడు ఫ్రిట్జ్. "నీ మీదికి ఎందుకు తెచ్చుకుంటావు?"

"కాల్చగలడని చెప్పింది నేను." వెండెల్ కళ్లజోడు తీసి జేబులో పెట్టుకోబోతే రెండుసార్లు జేబు తప్పింది. "ఆ పిల్ల నాకు కాఫీ పోసేది. పాలొద్దన్నా వినేది కాదు. ముసలాడివి, వట్టిది తాగితే కడుపులో మంట అనేది."

ఇంకోసారి కాల్చడానికి రూలు ఒప్పుకుంటుంది. డార్యల్ కొత్త బొమ్మ కట్టాడు, వెండెల్ మళ్లీ ముప్ఫై కాల్చాడు. ఈసారి డార్యల్ పెన్సిల్ రాతి మీద పెట్టేసి, చిల్లులను వేలితో తాకుతూ అందరికీ వినబడేలా లెక్కపెట్టాడు. పదిహేడు దగ్గర ఆగాడు. ఇంకా ఉన్నాయేమోనని కాగితమంతా మళ్లీ తడిమాడు.

"చాలు బాబూ," అన్నాడు వెండెల్. రివాల్వర్ ఖాళీ చేసి పెట్టెలో పెట్టి తాళం వేశాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, "లోయిస్, అర్డిత్‌కి ఒక గిన్నెడు పెట్టు. బీన్స్ మెత్తగా ఉడికాయా? గట్టివి మింగలేదు," అని అడిగాడు.

గిన్నె పట్టుకుని నేనూ వెంట వెళ్లాను. అర్డిత్ కిటికీ దగ్గరుంది. మాట ఎడమ పెదవి నుంచే వస్తుంది, ఓపికగా వినాలి.

"నెగ్గావా?"

"లేదు."

ఆమె ఆయన చేతుల వైపు చూసింది. "పోనీలే. లోయిస్‌కి నీ కోటు కుట్టే పని తప్పింది," అంది. మళ్లీ కాసేపటికి, "ఆదివారం?"

"వెళ్దాం."

వెళ్లారు. కోటు కుడివైపు తేలిగ్గా వేలాడుతోంది. ఇక బల్లకు తగిలి చప్పుడయ్యేది లేదు. అయినా ఆయన చివరే కూర్చున్నాడు. వెనక తలుపు తెరుచుకున్న ప్రతిసారీ చెయ్యి నడుము దాకా వెళ్లి, అక్కడ ఏమీ లేక, మళ్లీ మోకాలి మీదికి వచ్చేది.

ఈస్టర్ దాటాక ఒక ఆదివారం టీగ్ వచ్చాడు. బక్కచిక్కి, జుట్టు నెరిసి, టోపీ చేత్తో పట్టుకుని చివరి బల్ల మీద కూర్చున్నాడు. పాస్టర్‌కి తప్పదు, చెయ్యి కలిపాడు. చర్చి తలుపు ఎవరికీ మూయకూడదు. వెండెల్ లేచి, అర్డిత్ కుర్చీని గోడ వైపు తోసి, ఆమెకూ టీగ్‌కూ మధ్యలో తను కూర్చున్నాడు. పాటల పుస్తకం ఆయన చేతుల్లో ఎంత వణికిందంటే రెండు వరుసల వెనకున్న నాకు కాగితాల చప్పుడు వినబడింది.

పై ఆదివారం వాళ్ల వెనక వరుసలో డార్యల్ ఉన్నాడు. అతనిది వేరే చర్చి. ఆ పై వారం, పెళ్లయ్యాక ఎన్నడూ చర్చి మొహం చూడని ఫ్రిట్జ్ బిగుతైపోయిన కోటులో వచ్చాడు. ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు. ఒక్కొక్కరే వచ్చి ఆ వరుస నింపారు.

వేసవి చివర ఒకరోజు ప్రార్థన ముగిశాక టీగ్ నేరుగా నడుచుకుంటూ వచ్చి వాళ్ల ముందు ఆగాడు. వెండెల్ లేచి నిలబడ్డాడు. కుర్చీ పిడి పట్టుకున్నాడు.

టీగ్ ఆయన్ను చూడలేదు. "బాగున్నారా అమ్మా? చూడ్డానికి వస్తానని చెప్పాను కదా."

"చూశావుగా," అంది అర్డిత్.

అతను తలూపి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. అది క్షమాపణో బెదిరింపో మాకెవరికీ తెలియలేదు. వెండెల్‌కీ తెలియలేదు. ఆ రాత్రి నుంచి ఆయన మంచం ఎక్కలేదని అర్డిత్ చెప్పింది. తలుపుకు ఎదురుగా కుర్చీ వేసుకుని, బూట్లు విప్పకుండా కూర్చునేవాడట. తొలి మంచు పడకముందే ఒక ఉదయం ఆ కుర్చీలోనే పోయాడు. గుండె ఆగిందన్నాడు డాక్టరు.

ఇంట్లో తుపాకీ ఉంచుకోవడానికి ఆ కార్డుతో పనిలేదు. అందుకే రివాల్వర్ ఆయన ఒళ్లోనో, పక్క బల్ల మీదో ఉంటుందనుకుని డార్యల్ వెతికాడు. అది అటక మీద, ఆనాడు గని గుంటలో ఆయన తాళం వేసిన పెట్టెలోనే, ఖాళీగా ఉంది. అన్ని రాత్రులూ ఆయన వట్టి చేతులతోనే తలుపు ముందు కూర్చున్నాడు. చేయి వణికితే గుండు ఎటు పోతుందో ఆయనకు తెలుసు. వెనక గదిలో అర్డిత్ పడుకుని ఉండేది.

ఇప్పుడు ఆమె కుర్చీ నేనే తోసుకెళ్తున్నాను. నడవ వైపు చివర నేను కూర్చుంటాను. టీగ్ కొన్ని ఆదివారాలు వస్తాడు, కొన్నిసార్లు రాడు. అందరి పేర్లూ చెప్పి ప్రార్థించేటప్పుడు అతని పేరు కూడా చెప్పాలని ప్రతి వారం అనుకుంటాను. కొన్ని వారాలు నోరు పెగులుతుంది.

మొన్న మంచు పడింది. పొద్దున్నే పార చప్పుడు విని కిటికీ తెర తీస్తే, మా మెట్ల మీద డార్యల్ వంగి ఉన్నాడు. తలుపు గంట మోగించలేదు.