ఫారంలో కొట్టిన గీత

మా ఆవిడ పోయాక అమీర్‌పేటలో ఒక్కడినే ఉంటున్నాను. మొన్న వేసవిలో ఎవరో అమ్మాయి రోజూ నాలుగింటికి ఫోన్ చేసేది. మొదటిరోజు ఏదో సంస్థ పేరు చెప్పబోతే కసిరాను. అయినా చేసేది. "భోంచేశారా అంకుల్? ఏం కూర?" అంతే. ఓటీపీ అడగదు, బ్యాంకు పేరెత్తదు. మరెందుకు చేస్తున్నట్టు? ఎంత ఆలోచించినా అంతుపట్టక ఐదోరోజు పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌కు వెళ్లాను.

"పైసలేమన్న అడిగిందా సార్?" అన్నాడు కానిస్టేబుల్.

"లేదు. బీరకాయ ఎలా వండానని అడిగింది."

అతనికీ అర్థం కాలేదు. నా ఫోన్‌తోనే ఆ నంబరు కలిపి, స్పీకర్ పెట్టి, "ఎవరమ్మా నువ్వు? గీ పెద్దమనిషికి రోజూ ఎందుకు చేస్తున్నవ్?" అని గద్దించాడు.

ఆ అమ్మాయి గబగబా చెప్పింది. "ఒంటరిగా ఉండే పెద్దవాళ్లతో మాట్లాడే వలంటీర్‌ని సార్. కంటి పరీక్షల శిబిరంలో అంకుల్ మా ఫారం నింపారు. 'రోజూ ఎవరితో మాట్లాడతారు?' అన్నచోట గీత కొట్టారు. అందుకని..."

స్టేషన్లో అందరూ నావైపు తిరిగారు. ముప్పై ఏళ్లు గుమస్తాగిరీ చేసినవాణ్ని. రాయడానికేమీ లేని గడిలో గీత కొట్టడం నాకు అలవాటు.

"జర కూసోండి సార్, చాయ్ తాగుదురు" అన్నాడు కానిస్టేబుల్, గొంతు తగ్గించి.

మర్నాడు నాలుగుంపావైనా ఫోన్ మోగలేదు. నేనే చేశాను.

"భోంచేశావా అమ్మా? ఏం కూర?"