కట్టర్‌కు బొట్టు పెట్టిన రోజు

ఉదయం ఆరుంబావుకు మా ట్రక్కులు రెండూ విజయవాడ పటమటలో ఒక స్కూలు ఆవరణలో ఆగాయి. వాన అప్పుడే వెలిసింది. గ్రౌండులో చీలమండల దాకా నీళ్ళు. మేం పదకొండుమందిమి, ఇంజనీరు రెజిమెంటు నుంచి వరద డ్యూటీకి వచ్చాం. ఆర్డరు మూడు వారాలకు. పడవలు నడపాలి, పడిపోయిన గోడలు తీయాలి, మనుషులు చిక్కుకుంటే బయటికి తేవాలి. నేను నాయక్‌ని, పనిముట్లు నా బాధ్యత. నాది చల్లపల్లి. ఇరవై రెండేళ్ళ సర్వీసులో సొంత నేలకు డ్యూటీ మీద రావడం అదొక్కసారే.

పనిముట్లలో నేను ఎక్కువగా కనిపెట్టుకుని ఉన్నది ఇనప ఊచలు కోసే హైడ్రాలిక్ కట్టర్. పదమూడు కిలోల బరువు. జనరేటర్ కరెంటుతో నడుస్తుంది. లోపల నూనె ఒత్తిడికి పిస్టన్ ముందుకొస్తుంది. పిస్టన్‌కు ఒక బ్లేడు, ఎదురుగా కదలని బ్లేడు ఇంకొకటి. శ్లాబులో వేసే పన్నెండు ఎమ్మెమ్ ఊచ మూడు సెకన్లలో తెగుతుంది.

దానికి రోజూ చేయాల్సింది ఎక్కువేం కాదు. పిస్టన్ చుట్టూ చేరిన ఇనప పొడిని బ్రష్‌తో దులపాలి. నూనె చూడాలి. బ్లేడ్ల బోల్టులు బిగించాలి. బ్లేడుకు నాలుగు అంచులుంటాయి, ఒకటి అరిగితే తిప్పి ఇంకొకటి వాడతాం. తిప్పిన తరువాత నాలుగైదు ఊచలు కోసి, బోల్టులు రెండోసారి బిగించాలి. మొదటి కోతలకు బ్లేడు సర్దుకుని కూర్చుంటుంది, బోల్టు కొద్దిగా వదులవుతుంది. అలా వదిలేస్తే బ్లేడు విరుగుతుంది.

దసరా ముందు రోజు సాయంత్రం నేను బ్లేడ్లు తిప్పాను. నాలుగు ఊచలు కోశాను. అంతలో కట్టర్ తుడిచి పూజకు పెట్టమని మా టీముకు పెద్ద అయిన సుబేదార్ గారు కేకేశారు. తుడిచి ఇచ్చేశాను.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి క్లాసురూములో శస్త్రపూజ. రైఫిళ్ళు, జాకీలు, కట్టర్ వరసగా పెట్టాం. స్పేర్ బ్లేడ్లు పెట్టెలోంచి తీసి పళ్ళెంలో పెట్టాం. సుబేదార్ గారు అన్నిటికీ బొట్లు పెడుతున్నారు.

"సాబ్, నా సెట్‌కి రెండు బొట్లు పెట్టండి. దాని బ్యాటరీ దేవుడి దయ మీదే నడుస్తోంది" అన్నాడు రేడియో ఆపరేటర్.

"నోర్ముయ్. మా ఊళ్ళో ఇవాళ నాగలి కూడా కదపరు. రేపు పొద్దున దాకా వీటిని ఎవరూ ముట్టుకోవద్దు" అన్నారు సుబేదార్ గారు.

బోల్టులు బిగించే ఎలెన్ కీ నా జేబులోనే ఉంది. బయటికి తీశాను కూడా. బోల్టుల తలల మీద కుంకుమ తడిగా ఉంది. అమ్మవారి ముందు పెట్టిన దానికి కీ వేయడం తప్పనిపించింది. మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

మధ్యాహ్నం మూడూ పదికి రేడియో మోగింది. "గవర్నర్‌పేట, లాడ్జీ వెనక సందు. పాత మేడ కూలింది. లోపల ఒక్కరు. మాట్లాడుతున్నారు. ఓవర్."

మూడూ నలభైకి అక్కడున్నాం. మేడ కింది భాగంలో బుక్ బైండింగు షాపు. నీళ్ళలో నాని గోడ జారితే పైశ్లాబు వాలిపోయింది. షాపు పెద్దాయన దాని కింద ఉన్నాడు. అరవై దాటిన మనిషి. నడుం దాకా దూలం కింద, పైన ఊచల జాలీ. తొమ్మిది ఊచలు తెగితే దూలం కిందకు జాకీ వెళుతుంది. ఒక్క మనిషి మాత్రమే పాక్కుంటూ దూరగలడు. నేను దూరాను.

"ఎవరయ్యా? మిలిటరీయా?"

"అవునండీ."

"తెలుగోడివే! ఏ ఊరు?"

"చల్లపల్లండీ."

"మా అత్తగారిది అవనిగడ్డలే. పేపర్ కట్టింగ్ మిషన్‌కి పూజ చేద్దామని వచ్చాను. నేను కొట్టింది కొబ్బరికాయే. పగిలింది మాత్రం ఇల్లు."

నర్సింగ్ అసిస్టెంట్ నా వెనక నుంచి సెలైన్ గొట్టం అందించాడు. కట్టర్ ముందుకు జరిపాను. పెద్దాయన టార్చి వెలుగులో దాన్నే చూస్తున్నాడు.

"దీనికీ బొట్టు పెట్టారా! ఇవాళ పనిలో పెట్టకూడదయ్యా."

"తప్పదు కదండీ."

"అంచు కొత్తగా ఉంది. తిప్పావా?"

"నిన్న తిప్పానండీ."

"రెండోసారి బిగించావా? నలభై ఏళ్ళ బట్టి కత్తులు తిప్పుతున్నాను. తిప్పాక కూర్చుంటాయి."

"బిగించానండీ" అన్నాను.

ఆయన భయపడతాడని అలా అన్నానని తరువాత చాలాసార్లు చెప్పుకున్నాను. అది నిజం కాదు. సుబేదార్ గారు నా వెనకే, కన్నం దగ్గర ఉన్నారు. బోల్టులు చూడకుండా వచ్చానని ఆయనకు తెలియడం నాకు ఇష్టం లేకపోయింది. కీ తీసి బిగిస్తే రెండు నిమిషాలు పట్టేది.

గాగుల్స్ పెట్టుకున్నాను. మూడు ఊచలు తెగాయి. నాలుగోదానికి చప్పుడు మారింది. బ్లేడు పక్కకు జరిగి ఫట్‌మని విరిగింది. ఒక ముక్క నా హెల్మెట్‌కు తగిలింది. టైం నాలుగూ అయిదు.

స్పేర్ బ్లేడ్లు పెట్టెలో లేవు. పటమటలో పూజ పళ్ళెంలో ఉన్నాయి.

"బ్లేడ్లు వెంటనే పంపండి. ఓవర్."

"బందరు రోడ్డు దసరా జనంతో నిండింది. మనిషి నడిచి వస్తున్నాడు. ఓవర్."

"ఏమైందయ్యా, ఆగింది?" అన్నాడు పెద్దాయన.

"బ్లేడు విరిగిందండీ."

 బోల్టు సంగతి మళ్ళీ అడగలేదు. "సరే, చేత్తో కొయ్యి. తొందరపడకు, రంపం పట్టేస్తుంది" అన్నాడు.

ఆ ఇరుకులో రంపంతో ఒక్కో ఊచకు పావుగంట పైన పట్టింది. నాలుగున్నరకు నీళ్ళడిగాడు. పెదాలు తడిపాం. నాలుగూ యాభైకి పిలిస్తే పలకలేదు. బ్లేడ్లు ఐదూ రెండుకు వచ్చాయి. బిగించాను, ఒక ఊచ కోశాను, మళ్ళీ బిగించాను. మిగిలిన వాటికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. జాకీ పెట్టి దూలం ఎత్తాం. అప్పటికే పోయాడు.

"కాళ్ళు పూర్తిగా నలిగాయి. ముందే తీసినా ఏమయ్యేదో చెప్పలేం" అన్నాడు నర్సింగ్ అసిస్టెంట్.

క్యాంపుకు వెళ్ళగానే సుబేదార్ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టారు. "ముట్టుకోవద్దన్నది నేను కదా" అన్నారు.

"మీరు బోల్టు సంగతి అడగలేదు సాబ్. ఆ పెద్దాయన అడిగారు" అన్నాను.

దసరా అయిన ఆరో రోజుకు మా మూడు వారాల డ్యూటీ ముగిసింది. బారేజీ దాటుతుంటే నీళ్ళు కిందికి దిగి ఇసుక తేలి కనిపించింది. రెజిమెంటుకు వెళ్ళాను. మూడేళ్ళ తరువాత రిటైరై చల్లపల్లి వచ్చేశాను. పెద్దాయన భార్యకు నిజం చెప్పాలని విజయవాడ వెళ్ళాను. మొదటిసారి కాఫీ తాగి వచ్చేశాను. రెండోసారి చెప్పాను. ఆమె చివరిదాకా విని, "ఆయనకు తెలిసే ఉంటుందిలే బాబూ. కత్తి బిగుతుగా ఉందో వదులైందో చప్పుడు విని చెప్పేవారు" అంది. 

ఇళ్ళు కట్టేచోట కట్టర్లు కొన్నవాళ్ళు ఎలా చూసుకోవాలో చూపించమని నన్ను పిలుస్తుంటారు. వెళ్ళి చెబుతాను. పొడి దులపండి, నూనె చూడండి, తిప్పాక రెండోసారి బిగించండి. దసరాకు ముందు కీ, తరువాత బొట్టు. ఎందుకని ఎవరూ అడగరు.

వాళ్ళకు చెప్పనిది ఒకటుంది. చివరి ఊచ పెద్దాయన ఛాతీ పక్కగా ఉంది. నేను కట్టర్ పెట్టినప్పుడు అది ఊగలేదు, వాలలేదు. కాంక్రీటులో గట్టిగా దిగి ఉందనుకున్నాను. కోశాక కింది ముక్క పడలేదు. టార్చి వేసి చూశాను. ఆయన కుడిచెయ్యి దాన్ని పట్టుకుని ఉంది. కోతకు ఊచ కదలకూడదని ఆయనకు తెలుసు. ప్రాణం ఉన్నప్పుడే, దాని వంతు వచ్చేసరికి సిద్ధంగా ఉండాలని పట్టుకున్నాడు. వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పాల్సి వచ్చింది.