మోచేతిదాకా నెత్తురు

వెంకటేశు చేతికి నెత్తురు పూయనివ్వరట అన్న కబురు నాకు మొదట చెప్పింది మా నాటక సమాజం హార్మోనిస్టు రమణయ్య గారు. కరోనా తగ్గాక వచ్చిన మొదటి ఎండాకాలం, అల్లూరులో కొత్త విషాద నాటకం వేస్తున్నాం. మేకప్ బాధ్యత నాది. నేను బడికి పోలేదు. అక్షరాలూ ఈ పనీ ఇంట్లోనే మా నాన్నగారి దగ్గర నేర్చుకున్నాను. అంతా దేవుడి దయ.

నాటకంలో అన్న పొలం కోసం తమ్ముణ్ణి చంపుతాడు. అతడు దిగజారేకొద్దీ నెత్తురు పైకి పాకాలని దర్శకుడి నియమం: హత్యకు వేలికొనలు, దొంగ సాక్ష్యానికి మణికట్టు, ఆఖరి రంగానికి మోచేయి. మామూలుగా కుంకుమను ఆముదంలో కలిపి పూస్తాం.

అన్న వేషం వెంకటేశుది. చేపల వేట అతడి బతుకు. ఏటా ఎండాకాలంలో పెట్టే వేట నిషేధం ముగిసింది. నాటకం మర్నాడే పడవ సముద్రంలోకి దింపాలి. వాళ్లమ్మ పోలమ్మ నేరుగా గ్రీన్‌రూముకే వచ్చింది.

"రేపు గంగమ్మ మీదకి పోయే బిడ్డక్కా. నెత్తురు చేతుల్తో పంపబాక. కాదంటే ఇప్పుడే ఇంటికి తీసకపోతా."

అతడు వెళితే నాటకం లేదు. దిష్టి తీసే ఎర్రనీళ్లలాగే పసుపులో సున్నం కలిపి పూస్తానన్నాను. "అదైతే మంచిదేలే" అని కూర్చుంది.

చెమట సంగతి ఎవరికీ తట్టలేదు. చెమట తగిలితే ఆ ఎరుపు విరిగి మళ్లీ పసుపవుతుంది. ఆఖరి రంగంలో హంతకుడు మోచేతిదాకా పచ్చగా నిలబడ్డాడు.

"ఏందన్నా, తమ్ముణ్ణి చంపొచ్చి నలుగు పెట్టించుకున్నావే!" అని ఒకడు అరిచాడు. "పెళ్లెప్పుడో చెప్పు, భోజనాలకొస్తాం" అని ఇంకొకడు. జనం గొల్లుమన్నారు.

ఆ రంగంలో, హంతకుడెవరో తెలియని తమ్ముడి భార్య బావగారికి అన్నం వడ్డిస్తుంది. వెంకటేశు విస్తరి మీదికి చెయ్యి చాచాడు. మెతుకు తాకబోయి ఆగాడు. చేతిని చూసుకుని ఒళ్లో దాచుకున్నాడు. మళ్లీ చాచాడు, మళ్లీ దాచాడు. నవ్వులు ఆగిపోయాయి.

తెర పక్కన పోలమ్మ నా భుజం పట్టుకుంది. "ఆ చేత్తో ఎట్ట తింటాడక్కా?" అంది. తెర పడగానే బిందెడు నీళ్లు తెచ్చి కొడుకు చేతులు తనే కడిగింది. "చాల్లేమ్మా, పొయ్యింది" అని అతడంటున్నా, పసుపు పోయాక కూడా కడుగుతూనే ఉంది. మర్నాడు పడవ వెళ్లి క్షేమంగా తిరిగొచ్చింది.

తర్వాతి ప్రదర్శనల్లో ఆ చేతులకు ఏ రంగూ వేయలేదు. విషాద నాటకంలో నెత్తురు కనిపించేది నటుడు తన చెయ్యి చూసుకునే తీరులో. మేకప్ దానికి అడ్డు రాకుంటే చాలు. ఆ సంగతి నాకు తెలిసింది ఆ తల్లి వల్ల. చదివినవారు దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు పోలమ్మను ఒకసారి తలుచుకోండి.