శాలిబండ దుకాణంలో నల్లటి ఆకు

శాలిబండలో చింతపండు హోల్‌సేల్ దుకాణం నడిపే వెంకటనారాయణకు తన సరుకంటే ఎంత గొప్పో, దుకాణం నేలంటే అంతకు రెండింతలు గొప్ప. తాత పరిపించిన షాబాదు బండలవి. గల్లాపెట్టె ముందున్న బండలో నల్లటి ఆకు ఒకటి ఉంది. ఎవరో గీసింది కాదు, రాతిలోనే ఉంది. కొమ్మ, రెమ్మ, ఈనెలు దిద్దినట్టు ఉంటాయి. "లక్షల ఏండ్ల కిందటి ఆకు భాయ్, రాయిల పడి గట్లనే ఉండిపోయింది" అని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. బేరం కుదరకపోయినా సరే, ఆకు చూడకుండా మాత్రం ఎవరూ మెట్టు దిగడానికి లేదు.

ఆ బండ మీద బస్తా దించకూడదు, చెప్పు పెట్టకూడదు. దసరా నాడు తూకం వేసే తరాజుకు కుంకుమ పెట్టినప్పుడు ఆకుకూ ఒక బొట్టు. హమాలీ ఆగయ్య వయసులో ఉన్నప్పటి నుంచీ వీపు మీద బస్తాతో దాని చుట్టూ తిరిగే పోతున్నాడు. "నన్ను గింత మంచిగ ఎన్నడన్న చూసుకున్నడా?" అని వెంకటనారాయణ భార్య విజయలక్ష్మి గిరాకీల ముందే దెప్పేది. ఆయన ముసిముసిగా నవ్వి ఆకు మీది దుమ్ము తుడిచేవాడు.

మలక్‌పేటలో ఉండే స్రవ్య కాలేజీలో భూగర్భశాస్త్రం చెబుతుంది. ఆదివారాలు జనాన్ని వెంటబెట్టుకుని పాతబస్తీ రాళ్ల కథలు చెబుతూ తిప్పుతుంది. ఆ సంగతి చెవిన పడగానే వెంకటనారాయణ ఆమెకు ఫోన్ చేసి, తన ఆకును కూడా చూపించమన్నాడు. వచ్చేవాళ్లకు చాయ్, బిస్కెట్లు చెప్పాడు. గల్లీలో దుకాణాలవాళ్లందరినీ పిలిచాడు. పెళ్లిపందిట్లో పెద్దమనిషిలా తెల్ల చొక్కా తొడిగి నిలబడ్డాడు.

స్రవ్య జనం కంటే కాస్త ముందే వచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని భూతద్దంతో చూసింది.

"అంకుల్, ఇది ఆకు కాదు" అంది మెల్లగా. "రాతి పొరల సందున నీళ్లు దిగినయి. ఆ నీళ్లల్ల ఉన్న మాంగనీసు గిట్ల కొమ్మలు కొమ్మలుగ పాకింది. చూస్తె ఎవరైనా ఆకే అనుకుంటరు."

"మా తాత గూడ ఆకే అన్నడు బిడ్డా!"

"ఈ బండ ఒకప్పుడు సముద్రం అడుగున బురద. అప్పటికి భూమ్మీద ఆకు అనేదే పుట్టలేదు అంకుల్. మీకు ఇబ్బందైతె చెప్పండి, వాళ్లను ఇటు తీసుకరాను. ఇంకో గల్లీ నుంచి పోతం."

వెంకటనారాయణ గల్లా దగ్గర కూలబడ్డాడు. బయట గల్లీవాళ్లు చాయ్ తాగుతున్నారు. వాళ్లందరి ముందు పరువు గంగలో కలిసినట్టే. పొమ్మంటే ఆమె పోతుంది, ఆకు ఆకుగానే ఉండిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అంతలో చూపు దుకాణం మీదికి పోయింది. కప్పుదాకా చింతపండు, గోనెసంచులు, టేకు గల్లాపెట్టె. అన్నీ చెట్టూ చేమా ఇచ్చినవే. ఇవేవీ లేని కాలపు రాయా తన కాళ్ల కింద ఉన్నది? ఆయన వంగి ఆ బండను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"రానీ బిడ్డా" అన్నాడు. "నేనే చెప్త."

జనం లోపలికి రాగానే గొంతు సవరించుకున్నాడు. "ఇన్నేండ్లు దీన్ని ఆకు అని చెప్పిన. తప్పు చెప్పిన. ఇది ఆకు గాదు. ఈ బండ సముద్రం అడుగున పుట్టినప్పుడు దునియాల ఒక్క ఆకు లేదు. గడ్డి లేదు, చింతచెట్టు లేదు, నా దందానే లేదు!"

అందరూ నవ్వారు. "మరి గిన్ని దసరాలు బొట్టు ఎవరికి పెట్టినవ్ సేటూ?" అన్నాడు ఎదురు దుకాణం బాలకిషన్.

"సముద్రానికి పెట్టిన భాయ్!"

ఈసారి నవ్వు గల్లీ దాకా వినిపించింది. ఒక్కొక్కరూ వంగి బండను చేత్తో తడిమారు. చాయ్ తాగారు, స్రవ్యను ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగారు. వెంకటనారాయణ గుండె తేలికపడింది.

గడప మీద కూర్చుని అన్నీ విన్న ఆగయ్య భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. "సేటూ, చెట్టే లేదంటివి. మరి నీడ యాడుండె?"

వెంకటనారాయణ గిరుక్కున అతని వైపు తిరిగాడు. ఆకు గురించి ఆగయ్యకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ప్రతిసారీ తలూపి బస్తా ఎత్తుకోవడమే తప్ప ఆగయ్య ఎన్నడూ ఒక్క మాట అడిగింది లేదు.

"నాకు గూడ ఎర్కలేదు ఆగయ్యా" అంటూ ఆనందంగా అతని చెయ్యి పట్టుకుని లేపాడు. "రా, లోపలికి రా. ఇద్దరం కలిసి ఆ బిడ్డను అడుగుదం."