చెవి ఆనించి విన్న ఇల్లు

మా పెద్దమ్మ పోయిందన్న కబురు కిందటి నెల జగ్గయ్యపేటలో అందింది. నందిగామ బస్సు దిగి వచ్చినతను చెప్పాడు. "ఇల్లు కూలిందా?" అనే అడిగాను ముందు. ఇల్లు భేషుగ్గా ఉందట. మధ్యాహ్నం భోంచేసి పడుకుని, నిద్రలోనే వెళ్లిపోయిందట.

ఆ ఇంటికి గోడలు మట్టివి, మిగతాదంతా కర్ర. టేకు స్తంభాలు, తాటి దూలాలు, పైన పెంకులు. కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరినప్పుడు నేనక్కడే ఉండేదాన్ని. పొద్దున్నే పెద్దమ్మ అప్పడాల కర్రతో స్తంభాల్ని తట్టి, ఎక్కడైనా బోలుగా మోగుతోందేమోనని చెవి ఆనించి వినేది. "మనిషికి జ్వరమొస్తే మూలుగుతాడే. కర్రకి చెదలొస్తే మనమే పలకరించాలి" అనేది. పెద్దనాన్న మూలిగినా పలకరించేది కాదు.

ఒక వేసవిలో నడవా దూలం చెదలు తిని వంగింది. ఇల్లు పీకించి సిమెంటు డాబా వేయించాలని పెద్దనాన్నకి ఎప్పట్నుంచో కోరిక. పెద్దమ్మకి చెప్పకుండా ఒక మేస్త్రీని పిలిపించాడు. ఇస్త్రీ చొక్కాలో వచ్చిన మేస్త్రీ ఇల్లంతా చూసి, "ఇదింకా నిలబడిందంటే దేవుడి దయండీ. పీకేద్దాం" అంటూ హాయిగా స్తంభానికి ఆనుకున్నాడు.

ఆ పొద్దుటే పెద్దమ్మ చెదలు పట్టకుండా స్తంభాలకి తారు పూసింది.

అతను కదలబోతే చొక్కా కదల్లేదు. పెద్దనాన్న చెయ్యి పట్టుకుని లాగాడు. మనిషి వచ్చాడు గానీ చొక్కా వీపు స్తంభానికే ఉండిపోయింది. పెద్దమ్మ కిరసనాయిలు గుడ్డతో అతని వీపు తుడుస్తూ, "చూశావా నాయనా, కాసేపు ఆనుకున్న నిన్నే వదల్లేదు. కాపరానికొచ్చినప్పట్నుంచీ ఆనుకున్నదాన్ని, నన్ను వదుల్తుందా?" అంది.

మేస్త్రీ పకపకా నవ్వేశాడు. పెద్దనాన్న ఇచ్చిన చొక్కా తొడుక్కుంటూ ఆయనతోనే, "డాబా మాట మర్చిపోండి బాబుగారూ, దూలం మారుద్దాం" అన్నాడు.

మార్చే రోజు పెద్దనాన్నా వీధిలోవాళ్లూ కొత్త దూలాన్ని భుజాల మీదికెత్తారు. పెద్దమ్మ అప్పడాల కర్రతో అడ్డం వచ్చి, "ఆగండాగండి, ఒక్కసారి విననివ్వండి" అంది.

"ఏమేవ్, ఇక్కడ విరుగుతున్నవి నా ఎముకలు. అవి విను ముందు!" అని అరిచాడు పెద్దనాన్న.

తొలి వానకి చుక్క కారలేదు. పెద్దనాన్న పైకి చూసి, "ఫర్వాలేదు" అన్నాడు. ఆయన నోట అంత పెద్ద మెప్పు ఎన్నడూ రాలేదని పెద్దమ్మ వీధంతా చెప్పుకుంది. నా సంసారంలో ఎక్కడ బోలుగా మోగుతోందో ముందే వినగలుగుతున్నానంటే, అది ఆవిడ పెట్టిన భిక్షే.

పెద్దమ్మ పోయిన పదో రోజున, అందరం ఆ ఇంట్లోనే ఉండగా గాలివాన వచ్చింది. పెంకు జారి నడవాలో చినుకులు పడ్డాయి. ఎప్పుడూ నిచ్చెన ముట్టని పెద్దనాన్న, మేం వద్దంటున్నా ఎక్కేశాడు. పెంకు అటూ ఇటూ జరుపుతూ, "ఇక్కడేనా? ఇంకాస్త పక్కకా?" అని కిందికి కేకేశాడు.

పెంకు ఎక్కడ కూర్చోవాలో మాలో ఎవరికీ తెలియదు. ఆయన మాత్రం వానలో తడుస్తూ, పెంకు పట్టుకుని, జవాబు కోసం అలాగే ఆగి ఉన్నాడు.